యంత్రం, వాణిజ్యం, వేతనం: కతర్‌గామ్ చెప్పే పాఠాలు

ఏ కర్మాగారంలోనైనా కొత్త యంత్రం దిగగానే రెండు ప్రశ్నలు తలెత్తుతాయి. దీనివల్ల ఎవరి ఉద్యోగానికి ముప్పు అన్నది మొదటిది. ఉత్పత్తి పెరిగినందుకు జీతం కూడా పెరుగుతుందా అన్నది రెండవది. ఈ రెండింటికన్నా ముఖ్యమైన మూడవ ప్రశ్న ఒకటి ఉన్నది. దానిని మనం అరుదుగా అడుగుతాము. ఆ యంత్రం తయారుచేసే వస్తువును కొనేవారెవరు, వారు ఏ దేశంలో ఉన్నారు అన్నదే ఆ ప్రశ్న. మొదటి రెండు ప్రశ్నలకు సమాధానం చాలావరకు ఈ మూడవదానిపైనే ఆధారపడి ఉంటుంది.

ఈ విషయాన్ని గ్రంథాల ద్వారా తెలుసుకోవచ్చు. కాని ఒక ఊరిని, ఆ ఊరి పనివారిని చూసి తెలుసుకుంటే మనసుకు మరింత బాగా పడుతుంది. అటువంటి ఊరు గుజరాత్ రాష్ట్రంలోని సూరత్ నగరంలో ఉన్న కతర్‌గామ్. ఉద్యోగరీత్యా ఆ ప్రాంతంలో కొంతకాలం గడిపే అవకాశం నాకు కలిగినది. నియంత్రణ పరికరాల విభాగంలో పనిచేసే ఇంజనీరుగా యంత్రాలను గమనించడం నాకు అలవాటు. అక్కడ యంత్రాలతోపాటు వాటి ముందు కూర్చున్న మనుషులను కూడా గమనించవలసి వచ్చినది.

తపతీ తీరంలో వజ్రపు రజను

సూరత్ నగరానికి ఉత్తర దిక్కున ఉన్న కతర్‌గామ్ ఒకప్పుడు గ్రామం. నేడు ఇరుకు వీధులు, పారిశ్రామిక వాడలు, అంతస్తుల మేడలతో కిక్కిరిసిన పేట. ఇక్కడ వజ్రాలకు సానపట్టే కార్ఖానాలు, కంప్యూటరు ఎంబ్రాయిడరీ యంత్రాల షెడ్లు, పక్కనున్న వేడ్ రోడ్డు పొడవునా మరమగ్గాలు కనిపిస్తాయి. వజ్రాల పనిలో ఎక్కువమంది సౌరాష్ట్ర ప్రాంతంలోని భావనగర్, అమ్రేలి జిల్లాల నుండి వచ్చినవారు. మగ్గాలపై పనిచేసేవారిలో ఒడిశాలోని గంజాం జిల్లావారు అధికం. సానపట్టే కార్మికుని గుజరాతీలు గౌరవంగా 'రత్నకళాకార్' అంటారు.

ప్రపంచంలో సానపట్టే వజ్రాలలో, సంఖ్యను బట్టి చూస్తే, పదింట తొమ్మిది వంతులు మన దేశంలోనే, అందులోనూ అత్యధికంగా సూరత్‌లోనే తయారవుతాయని ఈ రంగంలోని వారు లెక్క కడతారు. ముడి వజ్రం దాదాపు మొత్తంగా విదేశాల నుండి రావాలి. సానపట్టిన వజ్రంలో అధికభాగం విదేశాలకే పోవాలి. మధ్యలో మనం జోడించేది చేతి పని, కంటి చూపు, ఓర్పు. కనుక అంతర్జాతీయ వాణిజ్యమంటే ఏమిటో కతర్‌గామ్ కార్మికునికి ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు. న్యూయార్కులో క్రిస్మసు అమ్మకాలు తగ్గితే ఇక్కడ దీపావళి సెలవులు పొడిగిస్తారు.

మన తెలుగువారికి ఈ కథ కొత్తది కాదు. పద్దెనిమిదవ శతాబ్ది ఆరంభంలో బ్రెజిల్ గనులు బయటపడేవరకు ప్రపంచానికి వజ్రాలు ప్రధానంగా మన గోలకొండ రాజ్యం నుండే వెళ్ళాయి. కృష్ణాతీరంలోని కొల్లూరు గనిలో సుమారు 60,000 మంది పనిచేస్తున్నారని పదిహేడవ శతాబ్దిలో వచ్చిన ఫ్రెంచి వర్తకుడు టవెర్నియే వ్రాశాడు. అక్కడి రాళ్ళు రాజుల కిరీటాలకెక్కాయి. వాటిని తవ్వినవారి పేర్లు ఎక్కడా లేవు. రాయి విలువ వేరు, దానిని వెలికితీసిన చేతి విలువ వేరు. ఈ రెండింటి మధ్య దూరాన్ని యంత్రం తగ్గిస్తుందా, పెంచుతుందా అన్నదే మన ముందున్న విషయం.

సూరత్‌తో నేటి తెలుగువారి బంధం మరమగ్గాల ద్వారా ఏర్పడినది. తెలంగాణ జిల్లాల నుండి తరలివెళ్ళిన నేత కుటుంబాలు లింబాయత్ మొదలైన పేటల్లో తరతరాలుగా స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ అక్కడ తెలుగు మాధ్యమంలో ప్రాథమిక పాఠశాలలను కూడా నడుపుతున్నది. బతుకమ్మ పండుగనాడు ఆ వీధులు చూస్తే కరీంనగర్‌లో ఉన్నామో సూరత్‌లో ఉన్నామో తెలియదు.

సానచక్రం నుండి లేసరు కిరణం వరకు

వజ్రాన్ని వజ్రంతోనే కోయాలన్నది అందరికీ తెలిసిన మాట. పాత పద్ధతిలో పని ఇలా సాగేది. ముడిరాయిని భూతద్దంలో చూసి, లోపలి మచ్చలు, పగుళ్ళు ఎక్కడున్నాయో గుర్తించి, ఎక్కడ కోస్తే తక్కువ తరుగుతో ఎక్కువ విలువ వస్తుందో అనుభవజ్ఞుడు నిర్ణయించేవాడు. రాయిపై సిరాతో గీత గీసేవాడు. తరువాత వజ్రపు పొడి, నూనె పూసిన పలుచటి కంచు బిళ్ళ గంటల తరబడి తిరిగి రాయిని రెండుగా కోసేది. ఆపైన గుండ్రంగా చేయడం, చివరకు ఇనుప సానచక్రంపై ఒక్కొక్క ముఖాన్ని అరగదీయడం. ఈ చక్రాన్ని అక్కడ 'ఘంటి' అంటారు. ఒక్క ఘంటి చుట్టూ నలుగురు కూర్చుంటారు. గుండ్రని మేలు వజ్రానికి 57 లేక 58 ముఖాలుంటాయి. ప్రతి ముఖం కోణం సరిగా కుదరాలి. కుదరకపోతే వెలుతురు లోపలికి పోయి అడుగు నుండి జారిపోతుంది, మెరుపు ఉండదు.

1990 దశకం నుండి ఈ క్రమంలో ఒక్కొక్క మెట్టూ మారుతూ వచ్చినది. లేసరు కోత యంత్రం వచ్చి, గంటల పనిని నిమిషాలకు కుదించినది. కంచు బిళ్ళ రాయిలోని రేకను బట్టి మాత్రమే కోయగలదు, లేసరుకు ఆ పరిమితి లేదు. ఆ తరువాత ఇజ్రాయెల్‌కు చెందిన సరీన్ వంటి సంస్థల స్కానర్లు వచ్చాయి. అవి రాయి ఆకారాన్ని, లోపలి మచ్చలను త్రిమితీయ చిత్రంగా తెరపై చూపి, ఏ కోతకు ఎంత బరువు, ఎంత నాణ్యత దక్కుతుందో లెక్కకట్టి చెబుతాయి. అనుభవజ్ఞుడు ఇరవై ఏళ్ళలో సంపాదించిన చూపులో ఒక పెద్ద భాగం కంప్యూటరులోకి వెళ్ళినది. గమనించదగిన విషయమేమంటే, ఇటువంటి యంత్రాలను దిగుమతి చేసుకోవడంతో సూరత్ ఆగిపోలేదు. సహజానంద్ వంటి స్థానిక సంస్థలు లేసరు యంత్రాలను స్వయంగా తయారుచేయడం నేర్చుకున్నాయి.

ఇన్ని యంత్రాలు వచ్చినా వజ్రపు పనివారి సంఖ్య ఆ దశాబ్దాలలో తగ్గలేదు, పెరిగినది. దీనికి కారణం మూడవ ప్రశ్నలోనే ఉన్నది. పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఆర్గైల్ గని 1980 దశకంలో పెద్ద ఎత్తున చిన్న చిన్న గోధుమరంగు రాళ్ళను వెలికితీయసాగినది. ఆంట్వెర్ప్ నగరపు కూలితో వాటికి సానపడితే గిట్టదు. సూరత్ కూలితో సానపడితే గిట్టుతుంది. ఫలితంగా అంతవరకు ధనికులకే పరిమితమైన వజ్రపు ఉంగరం అమెరికాలో మధ్యతరగతి కుటుంబాలకు కూడా అందుబాటులోకి వచ్చినది. గిరాకీ పెరిగినది, పనివారు పెరిగారు. అదే కాలంలో ఆంట్వెర్ప్‌లో వేలాది సానకార్మికుల పని పోయినది. అక్కడివారి దృష్టిలో వారి ఉపాధిని తీసుకున్నది యంత్రం కాదు, తక్కువ కూలికి పనిచేసే మన కతర్‌గామ్ కార్మికుడు. నాణేనికి ఈ రెండవ వైపును మనం మరచిపోరాదు. అదే న్యాయం రేపు మనకూ వర్తించవచ్చు.

మీటరు లెక్క

యాంత్రీకరణ వలన ఉత్పత్తి పెరుగుతుందన్నది నిర్వివాదాంశం. పెరిగిన ఉత్పత్తిలో వేతనానికి ఎంత చేరుతుంది? దీనిని మగ్గం ఉదాహరణతో సులభంగా తెలుసుకోవచ్చు.

సాధారణ మరమగ్గం నిమిషానికి సుమారు 130 సార్లు పేక పోగును దాటిస్తుంది. నీటిధారతో పోగును విసిరే వాటర్‌జెట్ మగ్గం 600 సార్లు, అంతకన్నా ఎక్కువ కూడా దాటించగలదు. అంగుళానికి 60 పేకలు ఉన్న గుడ్డ అనుకుందాం. ఎక్కడా ఆగకుండా నడిస్తే సాధారణ మగ్గం గంటకు 130 అంగుళాలు, అంటే 3.3 మీటర్లు నేస్తుంది. వాటర్‌జెట్ 600 అంగుళాలు, అంటే 15.2 మీటర్లు నేస్తుంది. ఉత్పత్తి 4.6 రెట్లయినది.

ఇప్పుడు వేతనం చూద్దాం. లెక్క తేలికగా ఉండేందుకు కొన్ని అంకెలు ఊహించుకుందాం. ఒక కార్మికుడు 8 సాధారణ మగ్గాలు చూసుకుంటూ మీటరుకు రూపాయి చొప్పున తీసుకుంటే గంటకు సుమారు 26 రూపాయలు వస్తాయి. అతడే 8 వాటర్‌జెట్ మగ్గాలు నడిపితే గంటకు 122 మీటర్లు నేస్తాడు. మీటరు రేటు మారకపోతే గంటకు 122 రూపాయలు రావాలి. కాని యజమాని రేటును 30 పైసలకు తగ్గిస్తాడు. అప్పుడు వచ్చేది 36 రూపాయల చిల్లర. పని 4.6 రెట్లు, కూలి 1.4 రెట్లు.

ఇందులో మోసం జరిగినదని వెంటనే నిర్ధారించడం సరికాదు. మిగిలిన మొత్తంలో కొంత యంత్రం కోసం చేసిన అప్పుకు, కొంత విద్యుత్తుకు, కొంత గుడ్డ ధర తగ్గిన మేరకు కొనుగోలుదారుకు పోతుంది. మిగిలినది లాభం. పొరుగు యజమాని కూడా అవే మగ్గాలు తెచ్చిన మరునాడే ధరల పోటీ మొదలై, ఆ లాభం కూడా కరగడం ఆరంభిస్తుంది. చివరకు యంత్రం ఫలితంలో సింహభాగం చీర కొన్న గృహిణికి చౌక ధర రూపంలో చేరుతుంది. ఇది సమాజానికి మేలే. అయితే ఆ గృహిణి నేత కార్మికుని భార్య కూడా కావచ్చు. ఆమె చీరపై ఆదా చేసిన డబ్బు ఇంటి అద్దెకు చాలుతుందా అన్నదే ప్రశ్న.

లింబాయత్‌లో ఒక తెలుగు నేత కార్మికుడు ఈ లెక్కనంతటినీ నాకు ఒక్క వాక్యంలో చెప్పాడు. "సారూ, మగ్గం ఉరుకుతున్నది, నేను దాని ఎనుక ఉరుకుతున్న, పైసలు మాత్రం నడుసుకుంట వస్తున్నయ్."

మరొక సంగతి కూడా ఉన్నది. ఒక్కొక్కరి ఉత్పత్తి 4.6 రెట్లయినప్పుడు, గుడ్డ అమ్మకం పెరగకపోతే, 46 మంది చేసిన పనికి 10 మంది చాలు. 46 మందికీ పని నిలవాలంటే అమ్మకం కూడా 4.6 రెట్లు కావాలి. స్వదేశంలో అంత గిరాకీ ఒక్కసారిగా పుట్టదు. విదేశీ విపణిలో చోటు దొరకాలి, లేదా విదేశీ గుడ్డ మన విపణిలోకి రాకుండా పోటీలో నిలవాలి. అంతర్జాతీయ వాణిజ్యం కార్మికుని వేతనంలోకి ప్రవేశించే తలుపు ఇదే.

అలాగని యంత్రాన్ని నిరాకరిస్తే ఏమవుతుంది? జవాబు సిరిసిల్లలో ఉన్నది. అక్కడి సాధారణ మరమగ్గాలు ఆధునిక మగ్గాలతో పోటీపడలేక అనేకమార్లు మూతపడ్డాయి. పని లేక నేత కుటుంబాలు పడిన కష్టాలు, ఆత్మహత్యలు మన కళ్ళముందు జరిగినవే. 2017లో రాష్ట్ర ప్రభుత్వం బతుకమ్మ చీరల తయారీని వారికి అప్పగించినప్పుడు ఆ మగ్గాలు మళ్ళీ ఆడాయి. ఆసరా ఉన్నంతవరకు ఆడతాయి. మగ్గాల ఆధునికీకరణ కోసం కేంద్ర ప్రభుత్వం 1999 ఏప్రిల్ 1న వడ్డీ రాయితీతో సాంకేతిక ఉన్నతీకరణ నిధి పథకాన్ని ప్రారంభించినది. 2005 జనవరి 1 నుండి ప్రపంచ వస్త్ర వాణిజ్యంలో కోటాలు తొలగిపోనుండగా వేసిన అడుగు అది. పథకం సదుద్దేశంతో వచ్చినదే. కాని బ్యాంకుకు తాకట్టు పెట్టగలిగినవారు దానిని అందుకున్నంత సులభంగా నాలుగు మగ్గాల చిన్న ఆసామి అందుకోలేకపోయాడు. యంత్రం చేసే మేలు కూడా దానిని కొనగలిగిన వారికే ముందుగా చేరుతుంది.

సముద్రాలకు ఆవల

ఒక దేశంలో యంత్రం పెడితే మరొక దేశంలో వేతనం మారుతుందా? మారుతుంది. అయితే ఎటువైపు మారుతుందన్నది అంత తేలిక విషయం కాదు.

అంతర్జాతీయ రోబోల సమాఖ్య లెక్కల ప్రకారం 2023లో దక్షిణ కొరియాలో ప్రతి 10,000 మంది తయారీరంగ ఉద్యోగులకు 1,012 పారిశ్రామిక రోబోలు ఉన్నాయి. చైనాలో 470, ప్రపంచ సగటు 162. మన దేశం ఈ సగటుకు చాలా దూరంలో ఉన్నది. ధనిక దేశాలు రోబోలతో అన్నీ తామే తయారుచేసుకుంటే మన వంటి దేశాల చౌక శ్రమకు విలువ ఉండదన్న భయం చాలాకాలంగా వినిపిస్తున్నది. దీనికి ఉదాహరణగా అడిడాస్ సంస్థ వ్యవహారాన్ని చెప్పవచ్చు. ఆ సంస్థ జర్మనీలోని ఆన్స్‌బాక్‌లోను, అమెరికాలోని అట్లాంటా వద్దను రోబోలతో బూట్లు చేసే కర్మాగారాలను నెలకొల్పినది. ఆసియా నుండి బూట్ల తయారీ తిరిగి ఐరోపాకు వచ్చేస్తుందని అప్పట్లో పత్రికలు వ్రాశాయి. కాని ఆ రెండింటినీ మూసివేయనున్నట్లు 2019 నవంబరులో సంస్థ ప్రకటించినది. ఆ సాంకేతికతను ఆసియాలోని తన సరఫరాదారులకు తరలించినది. రోబో ఉండగానే సరిపోదు. చుట్టూ ముడిసరుకు, అచ్చులు, మరమ్మతు చేసేవారు, అనుభవం ఉన్నవారు కూడా ఉండాలని ఈ ఉదంతం తెలుపుతున్నది.

ప్రపంచ బ్యాంకు 2020 అభివృద్ధి నివేదిక మరొక ఆసక్తికరమైన విషయం చెప్పినది. ధనిక దేశాల పరిశ్రమలు రోబోలను పెంచుకున్నప్పుడు వర్ధమాన దేశాల నుండి వాటి దిగుమతులు కూడా పెరిగాయన్నదే అది. ఉత్పత్తి పెరిగితే విడిభాగాలు, ముడిసరుకు కూడా ఎక్కువ కావాలి కదా. అయితే అదే సంవత్సరం డారన్ ఆసెమోగ్లు, పాస్కల్ రెస్ట్రెపో అనే ఆర్థికవేత్తలు ప్రచురించిన పరిశోధన ప్రకారం, అమెరికాలో ప్రతి వెయ్యిమంది కార్మికులకు ఒక రోబో అదనంగా చేరినప్పుడు వేతనాలు 0.42 శాతం తగ్గాయి. అంటే వాణిజ్యం పెరిగి, దేశాదాయం పెరిగి, అయినప్పటికీ యంత్రం పక్కనున్న కార్మికుని వేతనం తగ్గడం సాధ్యమే.

ఈ సత్యాన్ని చాలాకాలం క్రితమే గుర్తించిన పెద్దమనిషి డేవిడ్ రికార్డో. స్వేచ్ఛా వాణిజ్యం అన్ని దేశాలకూ లాభమని 1817లో సిద్ధాంతీకరించిన ఆ ఆర్థికవేత్త, 1821లో తన గ్రంథపు మూడవ ముద్రణలో యంత్రాలపై ఒక అధ్యాయం చేర్చాడు. యంత్రం అన్ని వర్గాలకూ మేలు చేస్తుందన్న తన పూర్వాభిప్రాయాన్ని అందులో సవరించుకొని, అది కార్మికవర్గానికి హాని కూడా చేయవచ్చునని అంగీకరించాడు. ఆ పదేళ్ళలోనే ఇంగ్లండులో మగ్గాలను పగులగొట్టిన లడ్డైట్లను ఉరితీశారు. వారిని అజ్ఞానులుగా చిత్రించడం మనకు అలవాటయినది. కాని వారు చాలావరకు నైపుణ్యం గల పనివారు. యంత్రంపై కన్నా, దాని పేరిట తమ రేట్లు కోసినవారిపైనే వారికి ఆగ్రహం.

యంత్రాన్ని మరో రీతిలో కూడా రూపొందించవచ్చునని జపానుకు చెందిన సకిచి టొయోడా చూపించాడు. ఆయన 1924లో రూపొందించిన స్వయంచాలక మగ్గం పోగు తెగిన వెంటనే తనంతట తానే ఆగిపోతుంది. ఆ మగ్గపు హక్కులను 1929లో ఇంగ్లండులోని ప్లాట్ బ్రదర్స్ లక్ష పౌండ్లిచ్చి కొన్నారు. మగ్గాలను ప్రపంచానికి అమ్మిన ఇంగ్లండే ఆసియా నుండి మగ్గపు విద్యను కొనుక్కున్న సందర్భమిది. యంత్రాన్ని వాడే దేశానికి కూలి దక్కుతుంది. యంత్రాన్ని రూపొందించే దేశానికి వేతనం, విలువ, గౌరవం మూడూ దక్కుతాయి.

గిరాకీ తగ్గిన వేళ

తిరిగి కతర్‌గామ్‌కు వద్దాం. మన దేశపు సానపట్టిన వజ్రాల ఎగుమతులు 2021-22లో సుమారు 2,440 కోట్ల డాలర్లు. 2024-25 నాటికి అవి సుమారు 1,330 కోట్ల డాలర్లకు పడిపోయాయి. మూడేళ్ళలో దాదాపు సగం. ఈ మూడేళ్ళలో సూరత్‌లోకి వచ్చిన కొత్త యంత్రాలు దీనికి కారణం కావు. అమెరికా, చైనాలలో కొనుగోళ్ళు తగ్గాయి. రష్యా వజ్రాలపై జి-7 దేశాలు 2024 జనవరి నుండి నిషేధం విధించాయి. నిల్వలు పేరుకుపోవడంతో 2023 అక్టోబరు మధ్య నుండి రెండు నెలలపాటు ముడి వజ్రాల దిగుమతిని పరిశ్రమ స్వచ్ఛందంగా నిలిపివేసినది. 2023 డిసెంబరు 17న వేల కార్యాలయాలతో వజ్రాల విపణి భవనం ఖజోద్‌లో వైభవంగా ప్రారంభమైనది. అదే సమయంలో కార్ఖానాలలో పనిగంటలు కుదించుకుపోతున్నాయి. 2025 ఆగస్టు 27 నుండి అమెరికా మన వస్తువులపై సుంకాన్ని 50 శాతానికి పెంచినది. సుంకాల రేట్లు ఒప్పందాలను బట్టి మారుతుంటాయి. కాని పోయిన పనిదినాలు తిరిగి రావు.

వీటికి తోడు ఒక యంత్రం చేసిన పని కూడా ఉన్నది. అది సానపట్టే యంత్రం కాదు, వజ్రాన్నే తయారుచేసే యంత్రం. మీథేను వాయువును ప్లాస్మాగా మార్చి, అందులోని కర్బనాన్ని పొరలు పొరలుగా పేర్చి వజ్రాన్ని పెంచే రియాక్టర్లు సూరత్‌లో పెద్ద సంఖ్యలో వెలిశాయి. ఈ రంగానికి తోడ్పాటుగా 2023-24 కేంద్ర బడ్జెటు ఒక ఐ.ఐ.టి.కి పరిశోధన నిధులు ప్రకటించినది. ముడి వజ్రం కోసం విదేశాలపై ఆధారపడనక్కరలేకపోవడం దేశానికి మంచిదే. కాని ఉత్పత్తి విపరీతంగా పెరిగి ఈ వజ్రాల ధరలు కొద్ది సంవత్సరాలలోనే కుప్పకూలాయి. గని వజ్రం ధర కూడా దెబ్బతిన్నది. రాయి చవకైతే దానికి సానపట్టే కూలి కూడా చవకవుతుంది. కోణాలు అవే, ముఖాలు అవే, కంటి శ్రమ అదే.

ఇక్కడే వేతన పద్ధతి ప్రాముఖ్యం అర్థమవుతుంది. కతర్‌గామ్ చిన్న కార్ఖానాలలో అధిక సంఖ్యాకులకు రాయికి ఇంత అన్న లెక్కే గాని నెలజీతం లేదు. చాలామందికి నియామక పత్రమే లేదు. ప్రపంచ విపణిలో లాభాలు వచ్చిన రోజులలో ఆ లాభం వ్యాపారిది. నష్టం వచ్చిన రోజున మాత్రం ఆ నష్టం మరునాటి ఉదయానికే సానచక్రం వద్దకు చేరుతుంది. 2024 జూలైలో గుజరాత్ వజ్రకార్మిక సంఘం, ఆత్మహత్యల ఆలోచనలో ఉన్నవారి కోసం ఒక సహాయ ఫోను నంబరును ప్రారంభించవలసి వచ్చినది. 2025 మే నెలలో రాష్ట్ర ప్రభుత్వం పని కోల్పోయినవారి పిల్లల బడి ఫీజులకు సాయం ప్రకటించినది. రోజంతా వజ్రాలను చేతపట్టుకొనే మనిషి తన బిడ్డ ఫీజు కోసం దరఖాస్తు పెట్టుకోవడం కన్నా విచారకరమైన విషయం మరొకటి ఉంటుందా?

మన సంస్థలకు దీనితో పనేమిటి?

ప్రభుత్వరంగ ఉద్యోగులమైన మనకు ఈ కథ పరాయిదనిపించవచ్చు. కాని మన వద్దకూ ఈ ప్రశ్న ఏనాడో వచ్చినది. 1960 దశకంలో కలకత్తా ఇలాకో భవనంలో జీవిత బీమా సంస్థ కంప్యూటరు పెట్టనున్నదని తెలిసి ఉద్యోగులు రాత్రింబవళ్ళు కాపలా కాశారు. ఆ ఆందోళనల నేపథ్యంలో నియమితమైన వి.ఎం. దండేకర్ సంఘం 1972లో నివేదిక సమర్పించినది. బ్యాంకులలో 1983లో సంఘాలకు, యాజమాన్యాలకు మధ్య కుదిరిన ఒప్పందంతో కంప్యూటర్లు పరిమితులకు లోబడి ప్రవేశించాయి. ఆనాటి పోరాటాన్ని నేడు కొందరు హేళన చేస్తారు. కాని దాని ఫలితంగానే మార్పు నెమ్మదిగా, చర్చలతో, ఉన్న ఉద్యోగులకు శిక్షణనిచ్చి జరిగినది. యంత్రం ఆగలేదు, మనిషి వీధిన పడలేదు.

దీనికి చట్టం అండ కూడా ఉన్నది. 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలోని 9-ఎ సెక్షను ప్రకారం, కార్మికుల తొలగింపునకు దారితీయగల యంత్రపరమైన మార్పు చేసే ముందు యాజమాన్యం 21 రోజుల నోటీసు ఇవ్వవలసి ఉండేది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల స్మృతి కూడా ఈ నియమాన్ని కొనసాగించినది. తొలగింపునకు గురైన కార్మికునికి కొత్త నైపుణ్యం నేర్చుకొనేందుకు అతని చివరి 15 రోజుల వేతనానికి సమానమైన మొత్తాన్ని యాజమాన్యం ఒక నిధిలో జమ చేయాలన్న నిబంధన కూడా అందులో ఉన్నది. ప్రతి కార్మికునికి నియామక పత్రం ఇవ్వాలని కొత్త స్మృతులు చెబుతున్నాయి. కాగితంపై ఉన్న ఈ హక్కులు ఘంటి చుట్టూ కూర్చున్న నలుగురికీ చేరిన నాడే వాటికి సార్థకత.

మన ప్లాంట్లలో ఒకప్పుడు వాల్వు వద్ద నిలబడి చేత్తో తిప్పిన పనిని నేడు నియంత్రణ గదిలోని తెర ముందు కూర్చుని చేస్తున్నాము. ఆ మార్పు మనలో చాలామందికి జీతం తగ్గించలేదు, పెంచినది. కారణం మన తెలివితేటలు మాత్రమే కాదు. మనకు నెలజీతం, వేతన ఒప్పందం, శిక్షణా కేంద్రం, సంఘం ఉన్నాయి. అదే ప్లాంటులో గేటు బయట వరుసలో నిలబడే కాంట్రాక్టు కార్మికునికి వీటిలో ఎన్ని ఉన్నాయి? యంత్రం అతని పని తీసివేసినప్పుడు ఆ విషయం మన లెక్కలలోకి రాదు, ఎందుకంటే అతని పేరు మన జాబితాలో లేదు. కతర్‌గామ్ కార్మికుని గురించి బాధపడే ముందు మన గేటు వైపు ఒకసారి చూడడం ధర్మం.

చేయవలసినది

మొదటిది, నైపుణ్యం. సూరత్‌లో స్కానరు వచ్చినప్పుడు దానిని నడపడం నేర్చుకున్న సానకార్మికుడు తెర ముందుకు చేరాడు. రాయి గురించి అతనికి ముందే తెలియడం వలన కంప్యూటరు మాత్రమే తెలిసిన యువకునికన్నా బాగా రాణించాడు. పాత విద్య వృథా పోదు, కొత్తదానితో కలిస్తే దాని విలువ పెరుగుతుంది. మన పిల్లలను ఐ.టి.ఐ.లోనో, పాలిటెక్నిక్‌లోనో, ఇంజనీరింగులోనో చేర్చేటప్పుడు యంత్రాన్ని నడపడంతో ఆగక, దానిని విప్పి, బాగుచేసి, కొత్తది రూపొందించగల విద్య వైపు వారిని మళ్ళించడం మంచిది.

రెండవది, వేతన పద్ధతి. ఉత్పత్తి రెట్టింపైనప్పుడు రేటు ఎంత తగ్గాలన్నది యజమాని ఒక్కడే నిర్ణయించే విషయం కాకూడదు. మీటరు రేటుకు, రాయి రేటుకు అడుగున ఒక కనీస నెలజీతం ఉంటే, విదేశీ విపణి కుదుపు నేరుగా వంటింటిని తాకదు.

మూడవది, విపణి. ఒకే దేశంపై, ఒకే వస్తువుపై ఆధారపడిన ఊరు ఒంటి స్తంభపు మేడ వంటిది. ఎగుమతులను పలు దేశాలకు విస్తరించడం, స్వదేశీ కొనుగోలుశక్తిని పెంచడం అవసరం. మన కార్మికుని వేతనం పెరిగితేనే మన విపణి కూడా పెరుగుతుంది.

యంత్రానికి రాగద్వేషాలు లేవు. అది పెంచిన సంపదను పంచే బాధ్యత మనుషులదే. యంత్రాలను రూపొందించే, నెలకొల్పే, నడిపే వృత్తిలో ఉన్న మనపై ఆ బాధ్యత మరికాస్త ఎక్కువగానే ఉన్నది. కొత్త యంత్రానికి ప్రతిపాదన తయారుచేసేటప్పుడు పెట్టుబడి ఎన్నేళ్ళలో తిరిగివస్తుందో మనం జాగ్రత్తగా లెక్కకడతాము. దాని పక్కనే మరొక గడి గీసి, ఈ యంత్రం ఎందరి పనిని మారుస్తుంది, వారిని ఏ పనికి సిద్ధం చేయాలి, అందుకు ఎంత వ్యయమవుతుంది అన్నది కూడా వ్రాస్తే, ఆ ప్రతిపాదన నిజంగా పూర్తి అయినట్లు.